సరుకు నౌక వెనక ఏం రాసుంటుంది?

అంతరిక్షంలో సరుకు మోసే నౌకల బొమ్మల కోసం ఇంటర్నెట్లో వెతికితే వందల్లో దొరుకుతాయి. కొన్ని సినిమాల కోసం గీసినవి, కొన్ని వీడియో గేముల కోసం, కొన్ని ఊరికే సరదాకి. నాకు ఇలాంటివి చూడటం ఒక వ్యసనం. బూడిద రంగు ఒళ్లు, దాని మీద నారింజ రంగు పట్టీ, అక్కడక్కడా పెచ్చులూడిన రంగు, పసుపు నలుపు ఏటవాలు చారలు, పక్కన ఇంటి గోడంత సైజులో "07". వెనక ఇంజన్లలో నీలం వెలుగు. గీసేవాళ్ల చేతిలో పనితనం ఉంది, ప్రతి బోల్టుకీ నీడ వేస్తారు. కానీ నాలుగు బొమ్మలు చూసేసరికి ఏది ఏదో గుర్తుండదు.

నా పేచీ ఆ 07తో. దాన్ని ఎవరు చదవాలి? ఎంత దూరం నుంచి చదవాలి? చదివి ఏం చెయ్యాలి? ఈ మూడింటికీ జవాబు లేకపోతే అది అంకె కాదు, అంకె ఆకారంలో ఉన్న ముగ్గు.

పెట్రోల్ ట్యాంకర్ వెనక ఒక పలక ఉంటుంది, దాని మీద 1203 అని ఉంటుంది. ఎప్పుడైనా గమనించారా? అది బండి నంబరు కాదు, ట్యాంకర్ యజమాని పెట్టుకున్నది కూడా కాదు. ఐక్యరాజ్యసమితి పెట్రోల్‌కి ఇచ్చిన నంబరు. ట్యాంకర్ బోల్తా పడితే పరిగెత్తుకొచ్చే ఫైరింజన్ మనిషికి డ్రైవర్ స్పృహలో లేకపోయినా, భాష రాకపోయినా లోపల ఏముందో ఆ నాలుగంకెలు చెప్తాయి. నీళ్లు కొట్టాలా, నురగ కొట్టాలా, ఎంతమందిని ఎంత దూరం తరమాలా అన్నది దాన్నిబట్టి తేలుతుంది. 07 గీసినవాడికి, 1203 రాయించినవాడికి తేడా బొమ్మలు గీసే నేర్పులో లేదు. రెండోవాడు చదివే మనిషిని ముందు ఊహించుకున్నాడు.

వాహనం మీది గుర్తుల గురించి తెలుగులో నాకు తెలిసిన మంచి పాఠం సైన్స్ ఫిక్షన్‌లో లేదు, తిక్కన విరాటపర్వంలో ఉంది. ఉత్తర గోగ్రహణం. బృహన్నల వేషంలోంచి బయటపడిన అర్జునుడు, పగ్గాలు పట్టుకున్న ఉత్తరుడికి ఎదుటి సైన్యంలో ఎవరి రథం ఏదో చూపిస్తాడు. 'నర్తనశాల'లో ఘంటసాల గొంతులో ఆ పద్యం వినని తెలుగువాళ్లు తక్కువ. ద్రోణుడి జెండా మీద బంగారు వేదిక, అశ్వత్థామకి సింహం తోక, కృపుడికి ఎద్దు, కర్ణుడికి శంఖం, దుర్యోధనుడికి పాము, భీష్ముడికి తాటిచెట్టు. ఈ పద్యాన్ని మనం పాండిత్యం కిందో, రాగం కిందో వింటాం గానీ ఆ సన్నివేశంలో దాని పని వేరు. బండి తోలేవాడికి ఎదురుగా వస్తున్న బళ్లు ఎవరివో చెప్పడం. కుర్రవాడు కొత్త, భయపడుతున్నాడు, మొహాలు కనపడేంత దగ్గరికి వెళ్లాక తెలుసుకుంటే ఆలస్యమైపోతుంది. అందుకే గుర్తులన్నీ ఆకారాలు. దూరం నుంచి, దుమ్ములోంచి, కదులుతూ ఉండగా పోల్చుకోగలిగేవి. తాటిచెట్టుని పాము అనుకోవడం కష్టం.

మూలభారతంలో ఇంకో ముచ్చట కూడా ఉంది. అర్జునుడు ఎక్కింది ఉత్తరుడి రథం. యుద్ధానికి బయల్దేరే ముందు దాని మీది సింహం జెండా దింపి జమ్మిచెట్టు దగ్గర పెట్టేసి, తన కపిధ్వజాన్ని ఎక్కిస్తాడు. వేరేవాళ్ల బండితో యుద్ధానికి పోవచ్చు, వేరేవాళ్ల గుర్తుతో కుదరదు. 'ది ఎక్స్‌పాన్స్' చూసినవాళ్లకి ఇది వెంటనే తగులుతుంది. అక్కడ హోల్డెన్ బృందం 'టాచీ' అనే యుద్ధనౌకలో తప్పించుకుని, దాని పేరు 'రోసినాంటే' అని మార్చి, నౌక పంపే గుర్తింపు సంకేతాన్ని కూడా మార్చేస్తారు. కురుక్షేత్రానికి ముందరి పనే.

ఇక మన కాలపు రథాల సంగతి. కామారెడ్డి పక్కనుంచి 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. నంబర్లు మార్చకముందు అది 7, పాతవాళ్లు ఇప్పటికీ సెవెన్ అనే అంటారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా దేశం నిట్టనిలువునా ఉన్న దారి కాబట్టి కామారెడ్డి బైపాస్ పక్క దాబాలో ఓ గంట కూర్చుంటే దేశంలోని లారీ చిత్రకళ అంతా మన ముందు నుంచి వెళ్తుంది. పంజాబ్ బళ్లకి ఒక తీరు, తమిళనాడు బళ్లకి ఒక తీరు. మన టీఎస్ 17 (2024 నుంచి కొత్త బళ్లకి టీజీ) బియ్యం లారీలు, ఎల్లారెడ్డి వైపు నుంచి వడ్లేసుకొచ్చేవి, వాటి మధ్యలో. ఎల్లారెడ్డి అని రాసున్న ప్రతి బండీ ఒకే ఊరిది అనుకోకండి. హైవేకి దగ్గర్లో చక్కెర ఫ్యాక్టరీ ఉన్నది అడ్లూర్ ఎల్లారెడ్డి, నిజాంసాగర్ వైపు ఉన్న ఎల్లారెడ్డి టౌను వేరు.

లారీ మీది రాతల్ని పొరలుగా చూడాలి. అన్నిటికన్నా కింద చట్టం. బండి నంబరు, మోయగల బరువు, నేషనల్ పర్మిట్. 1989 మోటారు వాహనాల నిబంధనలు నేషనల్ పర్మిట్ లారీకి ఎండుటాకు రంగు వెయ్యాలని చెప్పాయి. గెజెట్‌లో అంత కవిత్వం అరుదు. ఆ రంగుని ఎంతమంది పట్టించుకున్నారన్నది రోడ్డు మీద ఎవరికైనా కనిపిస్తుంది. దాని పైన యజమాని పొర: ట్రాన్స్‌పోర్ట్ పేరు, ఫోన్ నంబరు. ఆపైన తోలేవాడి పొర: పిల్లల పేర్లు, ఊరి దేవత, దిష్టిబొమ్మ, బంపర్‌కి నల్లతాడు, తన మీద ఏడవొద్దని వెనకొచ్చేవాళ్లకి ఒక వార్నింగ్. మూడు పొరలకీ చదివేవాళ్లు వేరు. ఒకదాని మీద ఒకటి పడి, ఒకదానికొకటి అడ్డం వచ్చి, సౌండ్ హార్న్ అన్న అక్షరాల మధ్యలోంచి సాయిబాబా తొంగిచూస్తాడు. ఆ తోపులాటలోంచే ఆ బండికి ఒక బతుకు ఉందని మనకి తెలుస్తుంది. కల్పిత నౌకల బొమ్మల్లో సాధారణంగా ఉండేది యజమాని పొర ఒక్కటే. లోగో, అంకె. చట్టం కూడా ఉండదు, ఎందుకంటే ఆ లోకంలో ఏ చట్టం నడుస్తోందో గీసినవాడు ఆలోచించలేదు. తోలేవాడైతే అసలే లేడు.

ఈ వ్యాసం కోసమని కామారెడ్డిలో ఒక స్టిక్కర్ షాపులో కాసేపు కూర్చున్నాను. లారీ చుట్టూ అతికించే మెరిసే టేపుకి అక్కడ పేరు రేడియం. ముందు తెలుపు, పక్కలకి పసుపు, వెనక ఎరుపు. అందులో రేడియం చుక్క కూడా ఉండదు. వందేళ్ల కింద గడియారం ముళ్లకి నిజంగానే రేడియం కలిపిన రంగు పూసేవాళ్లు, కుంచె మొన కోసం పెదాలతో తడుపుకుంటూ పూసిన అమెరికా అమ్మాయిలు ఎముకలు కుళ్లి చచ్చిపోయారు. ఆ రంగు పోయింది, పేరు మన లారీల మీద మిగిలింది. టేపు ఎవరి కోసం వేయించుకుంటారని షాపతన్ని అడిగాను.

"ఫిట్‌నెస్ కోసం వేయించుకుంటరు సార్. అది అయిపోయినంక ఊడిందా ఉందా ఎవ్వరు చూస్తరు? పేర్లకైతే మాత్రం దగ్గరుండి రాయించుకుంటరు. బిడ్డ పేరుల ఒక్క అక్షరం వంకరపోయినా ఊకోరు."

ఆ టేపు పనిచేసే పద్ధతి చాలామంది అనుకునేది కాదు. అది వెలగదు, అద్దంలా పక్కలకి తిప్పికొట్టదు కూడా. అందులోని సన్నటి గాజుపూసలు, పట్టకాలు వెలుగు ఎటునుంచి వస్తే అటే తిరిగి పంపిస్తాయి. కాబట్టి హెడ్‌లైట్ వేసుకొచ్చేవాడి కంటికి ఎర్రగా మండిపోతుంది, రోడ్డు పక్కన నిలబడ్డవాడికి ఏమీ కనిపించదు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఇంజన్ చచ్చి నడిరోడ్డు మీద ఆగిన బండికి కూడా పనిచేస్తుంది. అంతరిక్షానికి ఇంతకన్నా పనికొచ్చే గుర్తు ఏముంటుంది? ఇది నా ఊహ కాదు. చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద నాసా ఇచ్చిన ఐదు సెంటీమీటర్ల గుండ్రటి పరికరం ఒకటి ఉంది, అందులో ఎనిమిది పట్టకాలు. 2023 డిసెంబర్ 12న వంద కిలోమీటర్ల దూరంలో చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక లేజర్ వేస్తే అది తిరిగి మెరిసింది. ల్యాండర్ అప్పటికే మూడు నెలలుగా నిద్రలో ఉంది. రోడ్డు పక్కన ఆగిపోయిన లారీ, దాని వెనక రేడియం. కానీ నేను చూసిన కల్పిత నౌకల్లో ఒక్కదానికీ ఇలాంటి టేపు లేదు. అన్నీ నియాన్ గీతలే.

ఈ విషయాన్ని నిజంగా కూర్చుని ఆలోచించిన మనిషి రాన్ కాబ్. 1979లో వచ్చిన 'ఏలియన్' కోసం ఆయన నోస్ట్రోమో అనే సరుకు నౌకకి గుర్తుల పట్టిక ఒకటి తయారుచేశాడు. ఇక్కడ గాలి ఉంది, ఇక్కడ గురుత్వం లేదు, ఈ తలుపు అవతల శూన్యం, ఇక్కడ రేడియేషన్, ఇలా మూలలు గుండ్రంగా ఉన్న చిన్న చదరాల్లో ముప్ఫై దాకా బొమ్మలు. కాఫీ ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి కూడా ఒకటుంది. నాకు ఆ పట్టిక మొత్తంలో కాఫీ గుర్తే ఇష్టం. నైట్ డ్యూటీ చేసే మనుషులు ఉన్నారని అది చెప్తుంది. అందులో చాలావరకు సినిమాలో గట్టిగా చూస్తే తప్ప కనపడవు, ఏ పాత్రా వాటి గురించి మాట్లాడదు. కానీ బోనస్ గురించి గొణిగే పార్కర్, బ్రెట్‌లని మనం వెంటనే నమ్మేయడానికి ఆ గోడలు కూడా కారణం. వాళ్లు లారీ మనుషులు. రెండు కోట్ల టన్నుల ఖనిజంతో రిఫైనరీని లాక్కుపోతున్నారు.

కానీ అదే సినిమాలో నౌక బయటి వైపు కథ వేరు. నోస్ట్రోమో నమూనాకి మొదట పసుపు రంగు వేశారు. రిడ్లీ స్కాట్ వచ్చి దాన్ని బూడిద రంగుకి మార్పించాడు. భయం సినిమాకి అదే సరైనదని అందరూ అంటారు, కావచ్చు. నేను మాత్రం పసుపు పక్షమే. మన ఊళ్లలో మట్టి తవ్వేది ఏ కంపెనీదైనా జేసీబీనే, దానికి పసుపు రంగే, ఎందుకంటే పని చేసే యంత్రం పక్కన పని చేసే మనిషి ఉంటాడు, వాడికి అది కనపడాలి. బూడిద రంగు వేసిన రోజే నోస్ట్రోమో పని బండి నుంచి పాడుబడ్డ కోటగా మారిపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్లుగా సరుకు నౌకలు గీసేవాళ్లు లోపలి కాబ్‌ని వదిలేసి బయటి బూడిదని పట్టుకున్నారు. మొదట్లో చెప్పిన 07 నౌకలన్నీ దాని మనవలే.

ఒక ఇంజనీర్ మిత్రుడు అడిగాడు: అంతరిక్షంలో నౌకల మధ్య వేల కిలోమీటర్లు ఉంటాయి, సెకనుకి కిలోమీటర్ల లెక్కన పోతుంటాయి, రాత ఎవడు చదువుతాడు? గుర్తింపంతా రేడియోలోనే కదా? నిజమే. 1975 నాటి అంతరిక్ష వస్తువుల రిజిస్ట్రేషన్ ఒప్పందం కూడా నౌక మీద నంబరు రాసి తీరాలని అనలేదు, రాస్తే ఆ సంగతి ఐక్యరాజ్యసమితికి తెలపాలని మాత్రం అంది. కానీ భిక్కనూరు టోల్‌గేట్ దగ్గర కూడా ఇప్పుడు ఎవరూ లారీ నంబరు చదవరు, 2021 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ఫాస్టాగ్ వచ్చిందని బండి మీద బిడ్డ పేరు చెరిపేసుకున్న డ్రైవర్ ఎవరైనా ఉన్నారా? పైగా రాత అవసరమయ్యేది వేల కిలోమీటర్ల దగ్గర కాదు, చివరి వంద మీటర్లలో. 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్‌లో 220 కిలోల చొప్పున ఉన్న రెండు ఉపగ్రహాలు కలుసుకున్నప్పుడు పదిహేను మీటర్ల నుంచి మూడు మీటర్లకి వచ్చి, అక్కడ ఆగి, అప్పుడు అతుక్కున్నాయి. రివర్సులో లారీని గోదాం గడపకి ఆనించేటప్పుడు క్లీనర్ వెనక నిలబడి బాడీ మీద చేత్తో కొడుతూ రానీ రానీ అంటాడే, అదే ఇది. అక్కడ కొలత గుర్తులు కావాలి, ఎక్కడ తగలకూడదో చెప్పే ఎర్ర గీత కావాలి, కెమెరాకి దొరికే శిలువ కావాలి. గీసేవాళ్లు తమ నౌకని ఎప్పుడూ దూరం నుంచి, పక్కనుంచి, సినిమా పోస్టర్‌లాగా చూస్తారు. క్లీనర్ నిలబడే చోట నిలబడి చూడరు.

దీపాల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. దీపం రెండు పనులు చేస్తుంది: మనకి దారి చూపడం, మనల్ని ఎదుటివాడికి చూపడం. అంతరిక్షంలో మొదటిది దాదాపు లేదు, చూడాల్సిన రోడ్డే లేదు. సినిమా నౌకలు మాత్రం ముందుకి పెద్ద పెద్ద కిరణాలు వదులుతూ పోతాయి. గాలీ దుమ్మూ లేనిచోట కిరణం పక్కనుంచి కనపడదు, తగిలిన చోటే కనపడుతుంది. పైగా అక్కడ సూర్యుడు పడ్డ వైపు కళ్లు జిగేల్‌మంటాయి, పడని వైపు సగం నౌక మాయమైనట్టు నలుపు. కాబట్టి దీపాలు ఆ నలుపు వైపున నౌక అంచులు ఎక్కడున్నాయో చెప్పాలి. సముద్రంలో ఎడమకి ఎరుపు, కుడికి ఆకుపచ్చ పెట్టే పద్ధతి విమానాలకి వచ్చింది, అపోలో సర్వీస్ మాడ్యూల్ మీద కూడా ఎరుపు, ఆకుపచ్చ, పసుపు దీపాలు పెట్టారు. రెండు రంగులూ కలిసి కనిపిస్తే అవతలివాడు నీకేసే వస్తున్నాడని అర్థం. అంత చిన్న వ్యాకరణం చాలు. నీలం నియాన్‌తో ఏ వాక్యమూ తయారవదు.

రాత్రి కామారెడ్డి నుంచి తాడ్వాయి మీదుగా ఎల్లారెడ్డి పోయే దారిలో బండి నడిపినవాళ్లకి ఈ రెండో పని ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీ, బాడీ దాటి రెండు పక్కలా పొడుచుకొచ్చిన చెరకు గడలు. ట్రాక్టర్ హెడ్‌లైట్ ముందు బ్రహ్మాండంగా వెలుగుతుంటుంది. తోలేవాడికి అన్నీ కనిపిస్తున్నాయి, తను మాత్రం ఎవరికీ కనపడడు. పగలైతే గడల చివర ఎర్ర గుడ్డ కడతారు. ఎర్ర గుడ్డ గొప్ప డిజైన్: బండి ఇక్కడితో అయిపోయింది గానీ సరుకు ఇంకా ఉంది అని చెప్తుంది. సరుకు నౌక గీసే ఎవరైనా ఆ గుడ్డ గురించి ఆలోచించాలి. సరుకు ప్రతిసారీ ఒకే కొలతలో ఉండదు కదా.

ఆ దారుల్లో సరుకు అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. 2022 మే నెలలో నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి దగ్గర, ఎల్లారెడ్డి నుంచి తిరిగొస్తున్న జనంతో ఉన్న టాటా ఏస్, లారీ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. టాటా ఏస్ సరుకు బండి. దాని మీద రాసిన బరువు, అతికించిన టేపు, అన్నీ సరుకుని ఉద్దేశించినవి. వెనక మనుషులున్నారని చెప్పే గుర్తు ఏ నిబంధనలోనూ ఉండదు, ఎందుకంటే వాళ్లు అక్కడ ఉండకూడదు. ఉంటారని అందరికీ తెలుసు.

ఆరతి కదవ్ హిందీలో తీసిన 'కార్గో' (2019) నాకు ఇందుకే దగ్గరగా అనిపిస్తుంది. అందులో సరుకు చనిపోయిన మనుషులే. రాక్షసుల సంస్థ నడిపే నౌకలో ప్రహస్త అనే ఉద్యోగి ఏళ్ల తరబడి ఒంటరిగా వాళ్లని దిగుమతి చేసుకుని, జ్ఞాపకాలు తుడిచి, మళ్లీ పుట్టడానికి పంపిస్తుంటాడు. నౌక పేరు పుష్పక్ 634-ఏ. మన సినిమాల్లో నేను చూసిన వాటిలో ఇంత మంచి నౌక గుర్తు ఇంకోటి లేదు. పుష్పకం అనగానే పురాణం, 634-ఏ అనగానే గవర్నమెంట్ ఆఫీసు. ఆ "ఏ" ఎందుకొచ్చింది, "బీ" ఎక్కడుంది, ముందు 633 నౌకల్లో ఎంతమంది ప్రహస్తలు ముసలివాళ్లయిపోతున్నారు అన్నది ప్రేక్షకుడి బుర్రలో దానంతటదే మొదలవుతుంది. 07 చెయ్యలేనిది ఇదే.

తెలుగులో 'కల్కి 2898 ఏడీ' కోసం బుజ్జిని ఆరు టన్నుల నిజం బండిగా కట్టారు, రోడ్ల మీద తిప్పారు. పనితనం విషయంలో దానికి వంక పెట్టను. పేరు కూడా అచ్చంగా మన లారీ మీది పేరే. కానీ బుజ్జి అనగానే మనకి గుర్తొచ్చేది కీర్తి సురేష్ గొంతు, బండి మీది రాత కాదు. ఆ బండి హీరోది, అందుకని దానికి గొంతు ఇచ్చారు. ఆ లోకంలో కాశీకి నీళ్లూ తిండీ మోసుకొచ్చే బండి ఒకటి ఉండే ఉంటుంది, దాని డ్రైవర్‌కి గొంతు ఉండదు, రాసుకోవడానికి ఒక గజం రేకు ఉంటుంది. ఆ రేకు మీద ఏం ఉందో చూపించిన సినిమా గానీ, కథ గానీ తెలుగులో నా కంటపడలేదు. మన సైన్స్ ఫిక్షన్‌కి శాస్త్రవేత్తలున్నారు, కెప్టెన్లున్నారు, కాలయంత్రాలున్నాయి. కిరాయికి బండి తోలేవాడు ఇంకా పుట్టాల్సే ఉంది.

వాడు పుడితే ముందు ఒక చిక్కు తీర్చుకోవాలి. లారీ కవిత్వమంతా వెనకే ఉంటుంది, ఎందుకంటే వెనక ఎవడో ఒకడు వస్తుంటాడు, పనిలేక చదువుతుంటాడు. నౌకకి వెనక ఇంజన్లు. ఆ మంట దారిలోకి ఎవడూ రాడు, రాసినా రంగు మిగలదు. పక్కల మీద కంపెనీ లోగో ఉంటుంది, అది యజమానిది, ముట్టుకోనివ్వడు. ఇంక మిగిలేది ముక్కు దగ్గర, ఇంకో నౌకతో అతుక్కునే తలుపు చుట్టూ ఉన్న అంచు. కొలత గీతలు, శిలువ, రేడియం టేపు అన్నీ పోగా అరచేయంత చోటు. అవతలి నౌకలో కెమెరా చూసుకుంటూ మూడు మీటర్ల దగ్గర ఆగినవాడికి తెరమీద మొదట ఆ గీతలు కనిపిస్తాయి. ఇంకొంచెం దగ్గరికొస్తే వాటి కింద, చేత్తో రాసిన అక్షరాల్లో, ఎవరో ఇద్దరు పిల్లల పేర్లు.